ఉమ్మడి సముద్రం, తెరిచిన పద్దు



ఈనాటి ప్రసంగ విషయం సముద్రం. సోలాపూరు నేత పేటల్లో కూర్చుని సముద్రం మాట ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఊరికి సముద్రం చేరువలో లేదు. మన పెద్దలు కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు, మహబూబ్‌నగరు ప్రాంతాల పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వచ్చారు. ఆ పల్లెలకూ సముద్రం లేదు. అయినా మన మగ్గాల మీద నేసిన తువ్వాళ్ళు ఓడలెక్కి పరదేశాలకు పోతున్నాయి. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. సముద్రంలో ఏ దేశానికీ చెందని భాగం అడుగున ఉన్న ఖనిజ సంపదంతా మానవజాతి ఉమ్మడి సొత్తు అని ప్రపంచ దేశాలు చట్టం రాసుకున్నాయి. మానవజాతి అంటే అందులో మనమూ ఉన్నాం. పూర్వభాగ్‌లో బీడీలు చుట్టే అమ్మకూ, మరమగ్గం నడిపే అన్నకూ అందులో వంతు ఉంది.

ఉమ్మడి ఆస్తి అనగానే మనకు మొదట తట్టే ప్రశ్న, లెక్క ఎవరి చేతిలో ఉంది అన్నది. అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబంలో పెద్దవాడు పెత్తనం చేస్తాడు. ఆ పెత్తనాన్ని ఎవరూ కాదనరు. కాని పద్దుల పుస్తకం పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే మాత్రం ఇంట్లో అనుమానం మొదలవుతుంది. బీడీ కార్మికులకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ఆకు ఎంత ఇచ్చారు, తంబాకు ఎంత ఇచ్చారు, ఎన్ని కట్టలు తీసుకున్నారు, బాగాలేవని ఎన్ని పక్కన పడేశారు, ఇవన్నీ రాసిన పుస్తకం చేతిలో ఉన్న మనిషి అడగగలదు. పుస్తకం లేనిది యజమాని చెప్పిన లెక్క విని ఇంటికి రావలసిందే. దీన్నే ఇప్పుడు ప్రభుత్వాల భాషలో పారదర్శకత అంటున్నారు. మాట కొత్తదే గాని, సంగతి మన పేటలకు కొత్తది కాదు. సముద్రపు లెక్కల పుస్తకం ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చింది, దాన్ని తెరిపించడానికి ఎవరు ఏం చేశారు అన్నదే ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్న చరిత్ర.

ఈ చరిత్రను మన తెలుగు తీరం నుంచే మొదలుపెట్టవచ్చు. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయుల కాలంలో అది పేరుమోసిన రేవు. 1244వ సంవత్సరంలో గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక శాసనం వేయించాడు. చరిత్రకారులు దాన్ని అభయ శాసనం అంటారు. అంతకు ముందు ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి పోయే ఓడలు తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నిటినీ అక్కడి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ఇకమీదట అలా జరగదు, నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోము అని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతికీ దిగుమతికీ సుంకం ముప్పైలో ఒకటో వంతు. ఆ తరవాత చందనం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల పేర్లూ, వాటి మీద కట్టవలసిన సుంకమూ వరసగా చెక్కించాడు.

ఆ శాసనాన్ని రాజుగారి దయకు గుర్తుగా చెప్పుకోవడం వాడుక. దయతోపాటు రేవుకు వర్తకులు రావాలన్న లౌక్యమూ అందులో ఉంది. అయితే మనం గమనించవలసింది మరొకటి. ఆ సుంకాల పట్టికను సుంకరి ఇంట్లో తాటాకుల కట్టలో దాచలేదు. రేవులో రాతి మీద చెక్కారు. చదువురాని నావికుడు కూడా చదువు వచ్చినవాణ్ణి పిలిచి చదివించుకోవచ్చు. నా దగ్గర ఎక్కువ ఎందుకు తీసుకున్నావని సుంకరిని అడగడానికి ఆ రాయే సాక్షి. ఒక శతాబ్దం గడిచాక, 1358లో, రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. నియమం అందరికీ కనిపించే చోట ఉంటేనే పరదేశి నమ్ముతాడన్న తెలివి ఏడెనిమిది వందల ఏళ్ళ కిందటే మన తీరంలో ఉంది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అది వర్తకుల కోసం వేసిన శాసనం. వల వేసి బతికే జాలరి సంగతి అందులో రాలేదు.

తరవాతి కాలంలో పోర్చుగీసువారు వచ్చారు. హిందూ మహాసముద్రంలో ఓడ నడపాలంటే తమ దగ్గర కార్తాజు అనే అనుమతి చీటీ తీసుకోవాలన్నారు. చీటీ లేని ఓడ దొరికితే సరుకుతో సహా పట్టుకునేవారు. సముద్రం ఎవరిదని అడిగితే వారి దగ్గర ఉన్న సమాధానం ఫిరంగి ఒక్కటే. డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టి మన తీరపు నేతబట్టలు కొని తూర్పు దీవులకు పంపడం మొదలుపెట్టారు. వారికీ పోర్చుగీసు పెత్తనం అడ్డమయింది. 1609లో డచ్చి న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సముద్రం ఎవరి సొత్తూ కాదు, అందరికీ స్వేచ్ఛే అని వాదిస్తూ ఒక గ్రంథం అచ్చువేయించాడు. అంతర్జాతీయ సముద్ర న్యాయానికి అది పునాది గ్రంథమని చెబుతారు. చిత్రమేమిటంటే ఆ గ్రంథం మొదట రచయిత పేరు లేకుండానే వెలువడింది. దాని వెనుక డచ్చి కంపెనీ ప్రయోజనం ఉన్నదన్న సంగతి చదివినవారికి కనబడలేదు. ఆ తరవాత డచ్చివారు బలపడ్డాక తామూ అనుమతి చీటీలు ఇవ్వడం మొదలుపెట్టారు. మన నేతగాళ్ళ బట్ట ఎక్కిన ఓడల చుట్టూనే ఈ వాదాలన్నీ నడిచాయి. బట్ట నేసినవాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక ఇరవయ్యో శతాబ్దానికి వద్దాం. 1967 నవంబరు 1న ఐక్యరాజ్యసమితిలో మాల్టా అనే చిన్న ద్వీపదేశపు రాయబారి ఆర్విడ్ పార్డో సుదీర్ఘంగా ప్రసంగించాడు. సముద్రపు అడుగున అపారమైన లోహాలున్నాయి, యంత్రబలం ఉన్న నాలుగైదు దేశాలు వాటిని పంచేసుకోక ముందే దాన్ని మానవజాతి ఉమ్మడి వారసత్వంగా ప్రకటించండి అని కోరాడు. 1970 డిసెంబరులో సర్వప్రతినిధి సభ ఆ సూత్రాన్ని ఆమోదించింది. 1973లో మొదలైన సముద్ర న్యాయ మహాసభ దాదాపు తొమ్మిదేళ్ళు సాగింది. 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బే పట్టణంలో సముద్ర న్యాయ ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఆ దేశానికి ప్రత్యేక ఆర్థిక హక్కులు. కొన్ని దేశాలకు సముద్రం అడుగు నేల మీద హక్కు అంతకన్నా కొంత ముందుకు పోతుంది. దానికి ఆవల ఉన్న సముద్రగర్భం ఉమ్మడి. దాని పెత్తనానికి అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ అని ఒకటి ఏర్పడాలని రాసుకున్నారు.

ధనిక దేశాలకు ఆ ఖనిజాల అధ్యాయం నచ్చలేదు. 1990 నుంచి 1994 వరకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆధ్వర్యంలో అనధికార సంప్రదింపులు జరిగాయి. తొమ్మిదేళ్ళపాటు నిండు మహాసభలో బేరమాడి రాసుకున్నదాన్ని కొన్ని దేశాల సంప్రదింపుల్లో మార్చారు. అందువల్ల ఎక్కువ దేశాలు చేరాయన్నది నిజమే. 1994 నవంబరు 16న ఒడంబడిక అమల్లోకి వచ్చింది. భారతదేశం 1995 జూన్‌లో దాన్ని ధ్రువీకరించింది. ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వెలిసింది.

ఇది ప్రపంచంలో జరిగిన కథ. అవే సంవత్సరాల్లో మన దేశపు తీరంలో ఏం జరిగిందో చూద్దాం. ఎందుకంటే పద్దు తెరవమని గట్టిగా అడిగినవారు ముందు ఇక్కడే కనిపిస్తారు.

మన పార్లమెంటు 1976లో సముద్ర మండలాల చట్టం చేసి 200 నాటికల్ మైళ్ళ ప్రత్యేక ఆర్థిక మండలాన్ని ప్రకటించింది. ఇరవై లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన నీరు మన పాలన కిందికి వచ్చింది. దాన్ని వాడుకోవడానికి పెద్ద ఓడలు కావాలన్నారు. విశాఖపట్నం ట్రాలర్లకు కేంద్రమయింది. లోతు సముద్రానికని కొన్న ట్రాలర్లలో చాలావాటి చూపు రొయ్యల మీదే ఉండేది. మరోవైపు 1981లో విదేశీ ఓడల వేటను నియంత్రించే చట్టం వచ్చింది. అద్దె ఓడలకు అనుమతులు ఇచ్చారు. 1991లో కొత్త లోతు సముద్ర విధానం ప్రకటించి, విదేశీ కంపెనీలతో కలిసి ఉమ్మడి సంస్థలు పెట్టడానికీ, ఓడలు లీజుకు తేవడానికీ దారి తెరిచారు.

తెప్ప మీద, నాటుపడవ మీద, చిన్న మరపడవ మీద వేటకు వెళ్ళే మన మత్స్యకారుడు ఒక రాత్రి దూరాన దీపాల వరస చూస్తాడు. అది ఎవరి ఓడ? దానికి అనుమతి ఉందా? ఎంత దూరం వరకు ఉంది? ఏ చేప పట్టడానికి ఉంది? తన వల చింపుకుపోతే ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఆ కాగితాలు ఢిల్లీలో ఉన్నాయి. కేరళ నుంచి బెంగాలు దాకా తీరం పొడుగునా ఇదే ప్రశ్న. జాతీయ మత్స్యకారుల వేదిక, ఇతర సంఘాలు కలిసి 1994 ఫిబ్రవరి 4న ఒకసారి, నవంబరు 23, 24 తేదీల్లో మరొకసారి దేశవ్యాప్తంగా సమ్మె చేశాయి. చిన్న పడవలవారూ, మరపడవలవారూ, చేపలమ్మే ఆడవాళ్ళూ ఒక్కటయ్యారు. వాళ్ళ మధ్య తగాదాలు లేక కాదు. అందరి నోటి ముద్దకూ ఒకే ముప్పు వచ్చింది కనుక. ఆ వేదిక నాయకుడు థామస్ కోచెరి నిరాహారదీక్షకు కూర్చున్నాడు.

ప్రభుత్వం 1995 ఫిబ్రవరిలో మురారి అనే విశ్రాంత ఉన్నతాధికారి అధ్యక్షతన ఒక సమీక్షా సంఘాన్ని వేసింది. తరవాత దాన్ని విస్తరించి మత్స్యకారుల ప్రతినిధులనూ, పార్లమెంటు సభ్యులనూ చేర్చారు. 1996 ఫిబ్రవరిలో ఆ సంఘం 21 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. ఉమ్మడి సంస్థలకూ, లీజు ఓడలకూ ఇచ్చిన అనుమతులు రద్దు చేయాలి, కొత్తవి ఇవ్వరాదు అన్న సిఫారసులకే పత్రికలు పెద్ద అక్షరాలు ఇచ్చాయి. దాని పక్కనే ఇంకొక సిఫారసు ఉంది. వేటకు ఇచ్చే లైసెన్సులన్నీ బహిరంగ పత్రాలు కావాలి, వాటి నకళ్ళు కార్యాలయంలో ఎవరైనా వచ్చి చూసుకునేలా ఉంచాలి. నా దృష్టిలో ఆ 21లో చాలా విలువైన వాక్యం అది. ఏమంటే ఓడను ఇవాళ ఆపితే రేపు మరొకటి రావచ్చు. కాగితం చూసే హక్కు ఉంటే ప్రతి ఓడనూ ప్రశ్నించవచ్చు. 1997లో కేంద్ర ప్రభుత్వం ఆ సిఫారసులను కొద్ది మార్పులతో అంగీకరించింది.

కాలక్రమాన్ని కూడా గమనించండి. రాజస్థాన్ పల్లెల్లో కూలిమస్టర్లు బయటపెట్టండని మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన సునవాయి జరిపినది 1994 డిసెంబరులో. ఎడారి అంచున కూలీలూ, సముద్రపు అంచున జాలరులూ ఒకే ఏడాది, ఒకే మాట అడిగారు. సమాచార హక్కు చట్టం 2005లో రావడానికి అలాంటి అడుగులే దారి వేశాయి.

అంగీకరించినంత మాత్రాన కథ ముగియలేదు. తరవాతి సంవత్సరాల్లో అనుమతి లేఖల పేరుతో లోతు సముద్రపు ఓడలకు మళ్ళీ దారి ఏర్పడింది. 2014లో మీనాకుమారి సంఘం నివేదిక వచ్చినప్పుడు తీరం మళ్ళీ అలజడి చెందింది. చివరకు 2017 జనవరిలో కేంద్రం ఆ అనుమతి లేఖల పథకాన్ని రద్దు చేసింది. 2025 నవంబరులో ప్రత్యేక ఆర్థిక మండలంలో వేటకు కొత్త నియమాలు ప్రకటించారు. విదేశీ ఓడలకు చోటు లేదు. యంత్రపు పడవలు కంప్యూటరు ద్వారా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, చిన్న సంప్రదాయ పడవలకు అది అక్కరలేదు, సహకార సంఘాలకు ముందు అవకాశం అని ఆ నియమాలు చెబుతున్నాయి. కంప్యూటరులో అనుమతి ఇవ్వడం ఒక సంగతి. ఎవరికి ఇచ్చారో తీరంలోని మనిషి తన భాషలో చదువుకోగలగడం ఇంకొక సంగతి. మురారి సంఘం అడిగినది రెండోది.

అది అసాధ్యమేమీ కాదు. ట్యూనా చేపలు దేశాల గీతలు చూసి ఈదవు. వాటి వేటను చూడటానికి హిందూ మహాసముద్రపు దేశాలు ఒక కమిషన్ పెట్టుకున్నాయి. 1996లో ఆ ఒప్పందం అమల్లోకి వచ్చింది. సీషెల్స్ దీవుల్లో దాని కార్యాలయం ఉంది. ఏయే ఓడలకు అనుమతి ఉందో ఆ పట్టికను కమిషన్ బహిరంగంగా ఉంచుతున్నది. ఏ దేశపు ఓడ అయినా అందులో వెతుక్కోవచ్చు. అన్ని దేశాలూ పట్టిన చేపల లెక్క నిక్కచ్చిగా ఇస్తాయని కాదు. కాని పట్టిక ఉండబట్టే ఎవరు లెక్క ఎగవేస్తున్నారో తెలుస్తున్నది.

పట్టికకు మనిషి ప్రాణంతో కూడా సంబంధం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పనికోసం గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పోతుంటారు. మనవాళ్ళు సోలాపూరు మిల్లులకు వచ్చినట్టే అదీ వలస. 2018 నవంబరులో అలా గుజరాత్ పడవల మీద వేటకు పోయిన మన తెలుగువారు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ వారికి చిక్కారు. నీటి మీద గీత కనబడదు. సర్ క్రీక్ దగ్గర సరిహద్దు రెండు దేశాల మధ్య తేలనే లేదు. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. 2025లో వచ్చిన తండేల్ సినిమా ద్వారా ఆ సంగతి చాలామందికి తెలిసింది. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. 2008 నాటి ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల పేర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. సంబంధాలు ఎంత చెడినా ఆ కాగితం మారుతూనే ఉంది. జాబితాలో పేరు ఉన్న మనిషి కోసం ఇంట్లోవాళ్ళు అడగగలరు. పేరు లేనివాడు సముద్రంలో పోయాడో, చెరలో ఉన్నాడో తెలియదు. తెరిచిన కాగితం అంత పని చేస్తుంది.

ఇప్పుడు సముద్రం అడుగుకు దిగుదాం. అక్కడ బంగాళాదుంపల్లాంటి నల్లని ముద్దలు పరుచుకుని ఉంటాయి. మాంగనీసు, నికెలు, రాగి, కోబాల్టు వాటిలో ఉంటాయి. ఒక ముద్ద కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల సంవత్సరాలు పడుతుంది. మన గవేషణి నౌక 1981 జనవరి 26న తొలిసారి అలాంటి ముద్దలను పైకి తెచ్చింది. 1987 ఆగస్టులో ప్రపంచంలోనే మొదటి మార్గదర్శక పెట్టుబడిదారుగా భారతదేశం నమోదయింది. మధ్య హిందూ మహాసముద్రంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లు మనకు కేటాయించారు. తరవాత సగం వదిలి 75 వేలు ఉంచుకున్నాం. 2002 మార్చిలో కింగ్‌స్టన్ సంస్థతో అన్వేషణ ఒప్పందం కుదిరింది. 2016లో, 2025లో లోహపు గంధకాల కోసం మరో రెండు ఒప్పందాలు జరిగాయి. 2021లో మన వరాహ యంత్రం 5 వేల మీటర్లకు మించిన లోతులో కదిలి చూపింది. మన శాస్త్రజ్ఞుల ప్రతిభకు గర్వపడదాం. అలాగే ఒక పౌరుడు అడగవలసిన ప్రశ్నలూ అడుగుదాం.

కింగ్‌స్టన్ సంస్థలో 170 దాకా సభ్యులున్నారు. ముఖ్య నిర్ణయాలు 36 దేశాల మండలి చేస్తుంది. మండలికి సలహా ఇచ్చేది 41 మంది నిపుణుల న్యాయ, సాంకేతిక సంఘం. కంపెనీల, దేశాల దరఖాస్తులను మొదట తూచేది వీరే. వీరి సమావేశాలు మామూలుగా తలుపులు మూసే జరుగుతాయి. అందరికీ సంబంధించిన విషయాలైతే తలుపులు తెరవడం మంచిదని వారి నియమావళిలోనే ఉంది. తెరిచినవి తక్కువ. ఒప్పందం పొందినవారు ఏటా ఇచ్చే నివేదికలు చాలా ఏళ్ళు బయటకు రాలేదు. ఉమ్మడి సొత్తులో కొంత భాగాన్ని పేద దేశాల కోసం విడిగా ఉంచాలన్నది ఒడంబడిక మాట. అలా ఉంచిన క్షేత్రాల వివరాలు ఒక కంపెనీకి ముందుగా చేరాయని 2022లో అమెరికా పత్రిక ఒకటి రాసింది. సంస్థ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. నిజం ఏదైనా, పుస్తకం మూసి ఉన్నచోట ఆరోపణకూ జవాబుకూ తూకం వేయడం కష్టమన్నది మాత్రం తేలిపోయింది.

రహస్యం కావాలనేవారి వాదం కూడా వినాలి. కోట్లు ఖర్చుపెట్టి వెతికినవాడు తన కనుగోలును పోటీదారుకు ఎందుకు చూపాలి అని వారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన చద్దరు కార్ఖానాలో కొత్త జకార్డు డిజైను పక్కవాడికి చూపరు. దానికి ఎవరూ తప్పుపట్టరు. కాని డిజైను దాచుకునే హక్కు ఉందని కూలి పుస్తకం దాచవచ్చా? కాలువలోకి వదిలే రంగు నీళ్ళ సంగతి దాచవచ్చా? అన్వేషణ నియమాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. సముద్ర పర్యావరణ రక్షణకు అవసరమైన సమాచారాన్ని, యంత్రాల డిజైను తప్ప, రహస్యంగా లెక్కించరాదని వాటిలో ఉంది. 2019లో సంస్థ ఒక సమాచార భాండాగారాన్ని తెరిచి పర్యావరణ వివరాలు అందులో పెట్టడం మొదలుపెట్టింది. అడిగితే తలుపు కొంత తెరుచుకుంటుందనడానికి అదొక నిదర్శనం.

మన హైదరాబాదులోనే ఇంకొక నిదర్శనం ఉంది. 1999లో ఏర్పడిన జాతీయ సముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్ అంటారు, చేపలు దొరికే చోటు సూచనలను తీరపు భాషల్లో మత్స్యకారులకు అందిస్తున్నది. 2004 డిసెంబరు సునామీ తరవాత, 2007 నుంచి అక్కడే సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. ప్రపంచ సముద్రాల్లో తేలే ఆర్గో యంత్రాల కొలతలు ఏ దేశంవారైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులోనూ ఈ కేంద్రానికి భాగం ఉంది. నీటి వేడినీ ఉప్పదనాన్నీ అందరితో పంచుకుంటే ఏ దేశమూ నష్టపోలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్పుకోవాలంటే, నిర్ణయాలు దగ్గరపడుతున్నాయి. 2021లో నౌరూ అనే చిన్న దేశం ఒప్పందంలోని ఒక నిబంధన పట్టుకుని, రెండేళ్ళలో తవ్వకపు నియమాలు పూర్తిచేయమని కోరింది. గడువు 2023 జూలైలో దాటింది. 2025 సమావేశాల్లో కూడా నియమావళి పూర్తికాలేదు. అప్పటికి తవ్వకానికి అనుమతి ఎవరికీ ఇవ్వలేదు. నలభై దాకా దేశాలు ఆగుదాం, తెలుసుకుని ముందుకు పోదాం అంటున్నాయి. ఆ ఒడంబడికలో చేరని అమెరికా మాత్రం 2025 ఏప్రిల్‌లో తన 1980 నాటి చట్టం కిందే అనుమతులు ఇస్తానంది. ఉమ్మడి సొత్తులో నా గోడ నేను కట్టుకుంటానన్నట్టు ఉంది ఆ మాట. దీనికి భిన్నంగా, ఏ దేశానికీ చెందని సముద్రంలోని జీవరాశుల రక్షణకు 2023లో కుదిరిన కొత్త ఒప్పందం 2026 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చింది. సముద్రానికి కీడు చేయగల పనుల ముందస్తు అంచనాలను బహిరంగంగా ఉంచాలని అది చెబుతున్నది. భారతదేశం 2024 సెప్టెంబరులో దానిమీద సంతకం చేసింది.

కింగ్‌స్టన్ మండలిలో మన దేశానికి కుర్చీ ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవారు మన పేరున మాట్లాడతారు. మన వంతు 75 వేల చదరపు కిలోమీటర్లలో ఏం కొలిచారు, బురద లేస్తే ఏ జీవి చస్తుంది, లాభం వస్తే ఉమ్మడి ఖాతాకు ఎంత, మనకు ఎంత, మూసిన తలుపుల గురించి మన దేశం ఏమన్నది అని అడగడానికి పెద్ద చదువు అక్కరలేదు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు. దేశ సంబంధాల పేరుతో కొన్నిటికి జవాబు రాకపోవచ్చు. అయినా ప్రశ్న దాఖలా అవుతుంది. మన పార్లమెంటు సభ్యుణ్ణి అడగవచ్చు. బడిలో పటం ముందు నిలబడ్డ పిల్లలకు, నీలం రంగు వేసిన చోటులోనూ వాళ్ళ వంతు ఉందని మనం చెప్పవచ్చు.

మోటుపల్లి రాయి చేసిన పని ఒక్కటే. కట్టేవాడికీ తీసుకునేవాడికీ ఒకే లెక్క కనిపించేలా చేసింది. మత్స్యకారులు 1994లో అడిగినదీ అదే. సముద్రం ఎంత లోతైనా దాని లెక్క రాసేది కాగితం మీదే. ఆ కాగితం ఎక్కడుందో, ఎవరు చదవవచ్చో తెలుసుకున్న రోజున ఉమ్మడి సొత్తు అన్న మాటకు అర్థం వస్తుంది.